కానరాని కావలి

పాఠ్యభాగ ఉద్దేశం

బ్యాంకులో సొమ్ము జమ కావడానికీ, రైలు టిక్కెట్టు చేతికి రావడానికీ, పరీక్షాఫలితం క్షణంలో కళ్ళెదుట నిలవడానికీ కంప్యూటర్ల వల ఆధారం. ఆ వల తెగకుండా అహోరాత్రాలు కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్‌లోని ప్రధానాంగాలను, వాటి పరస్పర సహకారాన్ని, దాని హద్దులను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాలలో ఒకటిగా పరిగణించారు మన పూర్వులు. తవ్వించిన దాత ఒకడు, తరతరాలుగా దానిని కనిపెట్టుకొని ఉండే నీరటి మరొకడు. దాత పేరు శాసనానికి ఎక్కుతుంది. నీరటి పేరు ఏ రాతిమీదా కనబడదు. కాని వానాకాలపు అర్ధరాత్రి లాంతరు పట్టుకొని కట్టమీద తిరిగేవాడు, తూము దగ్గర నీటిమట్టాన్ని చూసేవాడు, చిన్న గండి పెద్దది కాకముందే ఊరిని లేపేవాడు ఆ నీరటియే. అతడు సరిగా ఉన్నన్నాళ్ళూ అతడున్న సంగతే ఊరికి గుర్తుండదు.

ఆధునిక సమాజం తవ్వించుకున్న పెద్ద చెరువు కంప్యూటర్ నెట్‌వర్కు. అందులో సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా ప్రవహిస్తుంది. వీటిని ప్యాకెట్లు అంటారు. ఒక భవనంలోని కంప్యూటర్లను కలిపే యంత్రం స్విచ్. ఒక వలనుండి మరొక వలకు ప్యాకెట్లకు దారి చూపే యంత్రం రూటర్. అడిగినవారికి సమాచారాన్ని అందించే కంప్యూటర్ సర్వర్. ఒక పెద్ద సంస్థలో ఇటువంటి యంత్రాలు వేలసంఖ్యలో, అనేక నగరాలలో ఉంటాయి. వాటన్నింటి దగ్గరా మనుషులను కాపలా పెట్టడం అసాధ్యం. అందుచేత నీరటి పనిని ఒక సాఫ్ట్‌వేర్‌కు అప్పగించవలసి వచ్చింది. దానికే నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ అని పేరు.

అవసరం నేర్పిన విద్య

ఇంటర్నెట్‌కు మాతృక అనదగిన ఆర్పానెట్‌లో తొలి సందేశం 1969 అక్టోబరు 29న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో రెండు కేంద్రాల మధ్య ప్రయాణించింది. ఆ సంవత్సరాంతానికి వలలో ఉన్నవి నాలుగు కేంద్రాలే. ఏది చెడినా టెలిఫోను చేసి అడిగితే సరిపోయేది. వల పెరిగేకొద్దీ ఆ సౌలభ్యం తరిగిపోయింది.

1980 అక్టోబరు 27న జరిగిన సంఘటన ఇందుకు నిదర్శనం. ఆర్పానెట్‌లోని దారిచూపే యంత్రాలు తమ స్థితిగతులను తెలిపే వార్తలను ఒకదానికొకటి పంపుకొనేవి. ఏ వార్త కొత్తదో తెలియడానికి ప్రతి వార్తకూ ఒక వరుససంఖ్య ఉండేది. ఆనాడు ఒక యంత్రంలో తలెత్తిన లోపంవల్ల వరుససంఖ్యలోని అంకెలు జారిపోయి, ఒకేచోటి వార్త మూడు వేర్వేరు సంఖ్యలతో వలలో తిరగసాగింది. ఏది కొత్తదో తేల్చే నియమం ప్రకారం మొదటిదానికంటె రెండవది, రెండవదానికంటె మూడవది, మూడవదానికంటె మళ్ళీ మొదటిది కొత్తదిగా తోచింది. ప్రతి యంత్రమూ ప్రతిసారీ కొత్త వార్త వచ్చిందని నమ్మి, పొరుగుయంత్రానికి దానిని చేరవేస్తూ పోయింది. గానుగెద్దు ఎంత తిరిగినా గానుగ దాటనట్లు ఆ మూడు వార్తలే వలంతా తిరిగి తిరిగి, అసలు సమాచారానికి చోటు లేకుండా చేశాయి. కొన్ని గంటలపాటు ఆర్పానెట్ నిరుపయోగమైంది. చివరకు ఇంజనీర్లు, ఫలానా యంత్రం పేరుతో వచ్చే వార్తలను పట్టించుకోవద్దని మిగిలిన యంత్రాలకు సవరణ అందించి ఆ చక్రభ్రమణాన్ని ఆపవలసి వచ్చింది.

ఒక చిన్న లోపం వలనంతటినీ కూల్చగలదని ఈ సంఘటన చాటిచెప్పింది. లోపాలు రాకుండా చూడడం ఎంత ముఖ్యమో, వచ్చిన లోపం ఎక్కడున్నదో వెంటనే పసిగట్టడం అంత ముఖ్యమని నిర్మాతలు గ్రహించారు.

1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనాలయంలో పనిచేస్తున్న మైక్ మూస్ 'పింగ్' అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. జలాంతర్గామి నీటిలోకి ధ్వనిని పంపి, ప్రతిధ్వనినిబట్టి ఎదుటి వస్తువు ఉనికిని తెలుసుకొంటుంది. ఆ ధ్వని పేరునే ఆయన తన ప్రోగ్రాంకు పెట్టాడు. 'ఉన్నావా?' అని దూరపు కంప్యూటర్‌ను పలకరించి, 'ఉన్నాను' అన్న సమాధానం ఎంతసేపట్లో వచ్చిందో లెక్కించడం దాని పని. అయితే మనిషి బ్రతికి ఉన్నాడని తెలిసినంతమాత్రాన ఆరోగ్యంగా ఉన్నాడని చెప్పలేము కదా! నాడి చూడాలి, జ్వరం కొలవాలి. యంత్రానికీ అటువంటి పరీక్ష అవసరమైంది. ఆ అవసరంనుండే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లోని నాలుగు ప్రధానాంగాలు రూపుదిద్దుకొన్నాయి. అవి ఏజెంటు, సమాచారనిధి, ప్రోటోకాల్, మేనేజర్.

ఏజెంటు

రాజును చారచక్షువు అన్నారు మన నీతిశాస్త్రకారులు. రాజు ఉన్నచోటనే ఉండి, చారుల కళ్ళతో రాజ్యమంతా చూస్తాడని భావం. నెట్‌వర్కులో చారుని స్థానం ఏజెంటుది. ప్రతి రూటర్‌లో, స్విచ్‌లో, సర్వర్‌లో నివసించే చిన్న ప్రోగ్రాం ఇది. తానున్న యంత్రం ఎంతకాలంగా ఆగకుండా నడుస్తున్నది, ఏ తీగ తెగి ఉన్నది, ఏ ద్వారంగుండా ఎన్ని బైట్లు లోపలికి వచ్చాయి, ఎన్ని ప్యాకెట్లు దెబ్బతిన్నాయి అనే విషయాలను అది ఎప్పటికప్పుడు గమనిస్తుంది. అడిగినప్పుడు చెబుతుంది. ఆపద కలిగినప్పుడు అడగకుండానే చెబుతుంది.

ఏజెంటుకు ఉండవలసిన మొదటి గుణం మితత్వం. రూటర్ అసలు పని ప్యాకెట్లకు దారి చూపడం. కాపలావాడే ఇంటి గాదె ఖాళీ చేసినట్లు, ఏజెంటు యంత్రపు శక్తిని అధికంగా హరిస్తే నిర్వహణే భారమవుతుంది. అందువల్ల ఏజెంటును తేలికగా నిర్మించి, లెక్కలు కట్టే శ్రమనంతా మేనేజర్‌కు వదిలిపెట్టారు.

సమాచారనిధి

చారుడు చెప్పిన మాట రాజుకు అర్థం కావాలి. వేర్వేరు సంస్థలు తయారుచేసిన యంత్రాలు తమకు తోచిన పేర్లతో తమ స్థితిని చెప్పుకొంటే మేనేజర్‌కు అయోమయమే మిగులుతుంది. ఈ చిక్కును తీర్చడానికి ఏర్పడినది నిర్వహణ సమాచారనిధి. ఇంజనీర్లు దీనిని ఎం.ఐ.బి. అని వ్యవహరిస్తారు.

ఇది ఒక మహావృక్షంవంటిది. వేరునుండి కొమ్మలు, కొమ్మలనుండి రెమ్మలు చీలుతూ పోయి, ప్రతి ఆకు ఒక విషయాన్ని సూచిస్తుంది. ప్రతి చీలికకూ ఒక సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు 1.3.6.1.2.1.1.3 అన్న సంఖ్యల వరుస 'ఎంతకాలంగా నడుస్తున్నావు?' అన్న విషయానికి గుర్తు. మన ఉత్తరాలమీద జిల్లా, మండలం, గ్రామం, ఇంటి సంఖ్య రాసినట్లే ఈ అమరిక ఉంటుంది. యంత్రం ఏ దేశంలో తయారైనా ఈ చిరునామాలో దొరికే విషయం ఒకటే.

ఈ నిధిలోని అంకెలను చదవడంలోనూ వివేకం కావాలి. పైన చెప్పిన కాలమానం సెకనులో నూరోవంతు చొప్పున లెక్కించబడుతుంది. ఆ అంకెకు కేటాయించిన చోటు 32 బిట్లు. సుమారు 497 రోజులకు ఆ చోటు నిండిపోయి లెక్క మళ్ళీ సున్ననుండి మొదలవుతుంది. ఈ సంగతి తెలియనివాడు ఏడాదికి పైగా నిరాటంకంగా నడుస్తున్న యంత్రం నిన్ననే ఆగి మొదలైందని భ్రమపడవచ్చు. బైట్ల లెక్కకూ ఇదే గతి. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో నిండుగా ప్రవహించే ద్వారంలో 32 బిట్ల లెక్క ఆరు నిమిషాలలోపే తిరిగి సున్నకు వస్తుంది. వేగం దానికి పదింతలైతే 35 సెకన్లలోపే వస్తుంది. అందుకే తరువాతి కాలంలో 64 బిట్ల లెక్కలను ప్రవేశపెట్టారు. కొలిచే పాత్ర చిన్నదైతే కొలత తప్పుతుందన్న సత్యం ధాన్యానికే కాదు, సమాచారానికీ వర్తిస్తుంది.

ప్రోటోకాల్

ఏజెంటు, మేనేజర్ మాట్లాడుకోవడానికి ఒక కట్టుబాటు కావాలి. అటువంటి కట్టుబాటును ప్రోటోకాల్ అంటారు. జెఫ్రీ కేస్, మార్క్ ఫెడోర్, మార్టిన్ షాఫ్‌స్టాల్, జేమ్స్ డేవిన్ అనే నలుగురు రూపొందించిన 'సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్' 1988 ఆగస్టులో ప్రకటితమైంది. దీనిని సంక్షేపంగా ఎస్.ఎన్.ఎం.పి. అంటారు.

'సింపుల్' అన్న విశేషణం ఇక్కడ సార్థకమైనది. 'ఈ విషయం చెప్పు', 'దీని తరువాతి విషయం చెప్పు', 'ఈ విలువను మార్చు' అనేవి మేనేజర్ పంపే మాటలు. 'ఇదిగో సమాధానం', 'ఇక్కడ ఆపద కలిగింది' అనేవి ఏజెంటు పలికే మాటలు. తొలిరూపంలో ఉన్నవి ఈ ఐదే. వల కష్టంలో ఉన్ననాడే నిర్వహణ సందేశం గమ్యం చేరడం అత్యవసరం. తుఫానులో పల్లకీ సాగదు, ఒంటరి వేగరి అయితే ఎలాగో దారి చేసుకొని పోతాడు. ఆ వేగరివలె సందేశం తేలికగా ఉండాలని నిర్మాతలు భావించారు.

ఏజెంటు తనంతట తాను పంపే ఆపద వార్తకు 'ట్రాప్' అని పేరు. ట్రాప్ చేరినట్లు మేనేజర్ రసీదు పంపదు. కనుక దారిలో అది తప్పిపోయినా ఏజెంటుకు తెలియదు. అంతేకాక, యంత్రమే ఒక్కసారిగా ఆగిపోతే వార్త పంపేవాడే ఉండడు. అందుచేత మేనేజర్ ట్రాప్‌లమీదనే ఆధారపడక, నియమిత కాలవ్యవధిలో తానే ప్రతి ఏజెంటునూ పలకరిస్తుంది. దీనిని పోలింగ్ అంటారు. నీరటి వచ్చి చెప్పేదాకా ఆగడం ట్రాప్. పెద్దకాపు ఉదయసాయంకాలాలు తానే కట్టదాకా నడిచి వెళ్ళడం పోలింగ్. రెండూ ఉన్న ఊరే క్షేమంగా ఉంటుంది.

ఈ ప్రోటోకాల్ తొలిరూపానికి ఒక పెద్ద లోపం ఉండేది. మేనేజర్‌ను గుర్తించడానికి వాడే రహస్యపదం ఏ మరుగూ లేకుండా ప్యాకెట్‌లోనే ప్రయాణించేది. ఇది తాళంచెవి గుర్తులను పోస్టుకార్డుమీద రాసి పంపడంవంటిది. పైగా చాలాచోట్ల యంత్రంతో వచ్చిన రహస్యపదాన్నే మార్చకుండా వాడేవారు. సందేశం పంపినవాడు ఎవడో నిర్ధారించుకొని, సందేశాన్ని గూఢలిపిలో పంపే మూడవ రూపం 1990ల చివర వెలువడి, 2002లో పూర్ణప్రమాణ స్థాయిని పొందింది.

మేనేజర్

చారులు తెచ్చిన వార్తలన్నీ చేరే ఆస్థానం మేనేజర్. సాధారణంగా నిర్వహణ సాఫ్ట్‌వేర్ అన్నప్పుడు అందరి మనసులో మెదిలేది ఇదే. దీనిలో మళ్ళీ అనేక ఉపాంగాలు ఉన్నాయి.

మొదటిది అన్వేషణ. వలలో ఏ యంత్రాలున్నాయో, ఏది దేనికి కలిసి ఉన్నదో వెదకి పటం గీయడం దీని పని. రెండవది సేకరణ. ఇది పోలింగ్ ద్వారా అంకెలను రాబడుతుంది. మూడవది భాండాగారం. వచ్చిన అంకెలను కాలక్రమంలో భద్రపరచి, పాతబడినవాటిని సగటులుగా కుదించి దాచుకొంటుంది. నాలుగవది విశ్లేషణ. అంకెకు అర్థం కలిగించేది ఈ నాలుగవదే.

ఒక ఉదాహరణ. ఒక ద్వారంలో మొదటిసారి చూసినప్పుడు 12,00,00,000 బైట్లు, 5 నిమిషాల తరువాత 19,50,00,000 బైట్లు లెక్కకు వచ్చాయనుకొందాం. భేదం 7,50,00,000 బైట్లు. బైటుకు 8 బిట్లు కనుక 60,00,00,000 బిట్లు. దీనిని 300 సెకన్లతో భాగిస్తే సెకనుకు 20 లక్షల బిట్లు, అంటే 2 మెగాబిట్లు. ఆ దారి సామర్థ్యం 10 మెగాబిట్లయితే అందులో 20 శాతం వినియోగంలో ఉన్నదన్నమాట. ఏజెంటు చెప్పినది రెండు అంకెలు మాత్రమే. దారి ఇరుకవుతున్నదో లేదో తేల్చింది మేనేజర్. ఇటువంటి లెక్కను నెలల తరబడి గీతగా గీసి చూస్తే, ఈ దారి ఎన్నాళ్ళకు నిండిపోతుందో ముందుగానే ఊహించవచ్చు.

ఐదవది హెచ్చరిక. వినియోగం 90 శాతం దాటితే కబురు పెట్టమని ఇంజనీరు ఒక హద్దు విధిస్తాడు. ఇది తేలికగా కనబడే కష్టమైన పని. 'నాన్నా పులి' కథ తెలుగువారికి తెలియనిది కాదు. వినియోగం 89కీ 91కీ మధ్య ఊగిసలాడుతుంటే రాత్రంతా హెచ్చరికలు మోగుతూనే ఉంటాయి. విసిగిన ఇంజనీరు చెవి మూసుకొన్న వేళకే నిజమైన పులి వస్తుంది. అందువల్ల 90 దాటినప్పుడు మోగి, 70కి దిగినప్పుడే శాంతించేటట్లు రెండు హద్దులు పెట్టడం మంచి పద్ధతి.

ఆరవది మూలకారణ నిర్ణయం. తల్లికాలువకు గండి పడితే పిల్లకాలువలన్నీ ఎండిపోతాయి. ప్రతి పిల్లకాలువ దగ్గరా రైతు గోలపెడతాడు. గోల ఎన్నిచోట్ల వినబడినా గండి ఒక్కటే. ఒక ముఖ్యమైన స్విచ్ ఆగిపోయినప్పుడు దాని వెనుక ఉన్న యంత్రాలన్నీ అందకుండా పోయి, ఒక్కసారిగా వందల హెచ్చరికలు వస్తాయి. అన్వేషణ గీసిన పటాన్ని ఆధారం చేసుకొని, వీటిలో కారణమేది, కార్యాలేవి అని విడదీయడం మేనేజర్ చేయగల ఉత్తమమైన పని.

ఐదు ధర్మాలు

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1980లలో నిర్వహణ ధర్మాలను ఐదుగా విభజించింది. లోపాన్ని గుర్తించి సరిదిద్దడం దోషనిర్వహణ. యంత్రాల అమరికలను నమోదుచేసి, మార్పులను అదుపులో ఉంచడం విన్యాసనిర్వహణ. ఎవరు ఎంత వాడుకొన్నారో లెక్కించడం వినియోగగణన. వేగాన్ని, ఆలస్యాన్ని కొలవడం పనితీరు నిర్వహణ. అనధికారుల ప్రవేశాన్ని అరికట్టడం భద్రతానిర్వహణ. ఏ సాఫ్ట్‌వేర్ సమగ్రమైనదో పరీక్షించడానికి ఈ ఐదూ నేటికీ గీటురాయిగా పనికివస్తున్నాయి.

ఈ ఐదింటిలో పైకి సాధువుగా కనబడుతూ అపాయాన్ని దాచుకొన్నది విన్యాసనిర్వహణ. చూడడంవల్ల వల కూలదు. మార్చడంవల్ల కూలవచ్చు. అందుకే మంచి నిర్వహణ సాఫ్ట్‌వేర్ ప్రతి యంత్రపు అమరికకూ నకలు దాచి, నిన్నటికీ నేటికీ ఉన్న భేదాన్ని చూపుతుంది. మార్పు బెడిసికొడితే పాత అమరికకు తిరిగి వెళ్ళే దారిని ఉంచుతుంది. అమరికలను మార్చడానికి ప్రత్యేకంగా ఉద్దేశించిన 'నెట్‌కాన్ఫ్' అనే ప్రోటోకాల్ 2006లో వెలువడింది. మేనేజర్ అడిగేదాకా ఆగక, యంత్రమే తన స్థితిని నిరంతర ధారగా పంపే పద్ధతులు కూడ తరువాత వాడుకలోకి వచ్చాయి.

కావలికే కళ్ళు పోయిననాడు

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థ వల కుప్పకూలింది. భారతదేశంలో అప్పుడు రాత్రి తొమ్మిది దాటింది. ఫేస్‌బుక్‌తోపాటు వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ కూడ సుమారు ఆరు గంటలపాటు ప్రపంచమంతటా మూగబోయాయి. శత్రువులెవరూ దాడి చేయలేదు. సాధారణమైన మరమ్మతు పనిలో భాగంగా, దారుల సామర్థ్యాన్ని తెలుసుకోవడానికి ఇచ్చిన ఒక ఆజ్ఞ ఆ సంస్థ సమాచార కేంద్రాలను కలిపే దారులన్నింటినీ తెంచివేసింది. ఇటువంటి ఆజ్ఞలను ముందే పరీక్షించి ఆపవలసిన సాధనం ఒకటి ఉన్నది. ఆ సాధనంలోనే లోపం ఉండడంచేత అది ఆజ్ఞను ఆపలేకపోయింది.

అటుతరువాత జరిగినది మరింత ఆలోచించదగినది. పేర్లను చిరునామాలుగా మార్చి చెప్పే సర్వర్లు తమ కేంద్రాలతో సంబంధం తెగడం గమనించి, తమ ఉనికిని ఇంటర్నెట్‌కు ప్రకటించడం మానివేశాయి. లోపం ఎక్కడున్నదో చూడడానికి ఇంజనీర్లు వాడే సాధనాలు కూడ ఆ వలమీదనే ఆధారపడి ఉన్నాయి. వలతోపాటు అవీ మూగబోయాయి. ఇంజనీర్లు స్వయంగా సమాచార కేంద్రాలకు వెళ్ళవలసి వచ్చింది. బయటివారు ప్రవేశించకుండా కట్టుదిట్టంగా కట్టిన ఆ భవనాలలోకి వెళ్ళి, యంత్రాలను చేరడానికి చాలా సమయం పట్టింది.

కట్ట తెగిన నీటిలో నీరటి గుడిసె కూడ కొట్టుకుపోతే ఊరిని లేపేవారెవరు? అందుచేతనే నిర్వహణకు ప్రధానమైన వలతో సంబంధం లేని వేరొక దారిని ఏర్పాటు చేసుకోవాలని నిపుణులు చెబుతారు. రోజూ ఆ దారితో పని ఉండకపోవచ్చు. పని పడిననాడు మాత్రం దానికి బదులుగా వేరేదీ అక్కరకు రాదు.

ముగింపు

ఏజెంటు చూస్తుంది. సమాచారనిధి చూసినదానికి పేరు పెడుతుంది. ప్రోటోకాల్ దానిని చేరవేస్తుంది. మేనేజర్ దానికి అర్థం చెబుతుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన మూడూ నిష్ప్రయోజనాలే. ఈ నాలుగూ ఉన్నా, హద్దు ఎక్కడ గీయాలి, ఏ హెచ్చరికను నమ్మాలి, ఏ ఆజ్ఞను ఇవ్వకముందు మరొకసారి ఆలోచించాలి అనే నిర్ణయాలు మనిషివే. చూసేవాడు మారాడు, చూసే సాధనం మారింది. మెలకువగా ఉండవలసిన ధర్మం మాత్రం మారలేదు.

బస్టాండులో టిక్కెట్టు, ఆసుపత్రిలో రక్తపరీక్ష ఫలితం, దూరదేశంలోని కొడుకు మాట తల్లి చెవిన పడడం – ఇవన్నీ ఏ ఆటంకమూ లేకుండా జరిగిన ప్రతి రోజూ ఎక్కడో ఒక గదిలో ఎవరో తెర ముందు కూర్చొని కట్టను కాచినట్లే లెక్క. అతని పేరు శాసనానికి ఎక్కదు. ఏమీ జరగకపోవడమే అతని విజయం.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లోని ప్రధానాంగాలను, వాటి పరస్పర సంబంధాన్ని వివరించండి.
2. 1980, 2021 సంవత్సరాలలో జరిగిన సంఘటనలను పోల్చి, వాటినుండి గ్రహించవలసిన పాఠాలను తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ట్రాప్‌కు, పోలింగ్‌కు గల భేదమేమిటి? రెండూ ఎందుకు అవసరం?
2. 'నాన్నా పులి' కథను రచయిత ఏ సందర్భంలో ప్రస్తావించారు?
3. నిర్వహణ ధర్మాలు ఐదింటిని సంగ్రహంగా రాయండి.

ఇ) కింది వాక్యాల సందర్భాన్ని, భావాన్ని వివరించండి.
1. తుఫానులో పల్లకీ సాగదు.
2. గోల ఎన్నిచోట్ల వినబడినా గండి ఒక్కటే.
3. ఏమీ జరగకపోవడమే అతని విజయం.